వేడెక్కితే ఆగిపోయే పాత ఫోర్డ్ పికప్: డిస్ట్రిబ్యూటర్ మార్చే ముందు చేయవలసిన పరీక్షలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డాలస్‌లో ఉంటున్న మీరు పోయిన శీతకాలంలో 1979 నాటి ఫోర్డ్ ఎఫ్-150 కొన్నారు. ఇంజిన్ వరుసగా ఆరు సిలిండర్లున్న 300 ఘనపుటంగుళాలది, పెట్రోలును గాలితో కలిపి పంపే కార్బురేటర్ ఉన్న బండి. ఎండలు మొదలయ్యాక అది ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చక్కగా నడిచి, ఎవరో తాళంచెవి తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగిపోతోంది. రోడ్డు పక్కన అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతోంది. క్యాప్, రోటర్, ప్లగ్గులు, ప్లగ్గు తీగలు, ఇగ్నిషన్ కాయిల్ వరుసగా మార్పించారు, గుణం కనపడలేదు. ఇప్పుడు షెడ్డువారు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం; క్యాప్ దాని మూత, రోటర్ లోపల తిరిగే ముల్లు) మొత్తం మార్చాలంటున్నారు, మార్పించమంటారా అని అడిగారు.

సూటిగా చెబుతాను: ఇప్పుడే ఇంకో భాగం కొనకండి. ఇవే లక్షణాలతో నా చేతికి వచ్చిన ఈ తరం బండ్లలో దోషం ఎక్కువసార్లు రెండు చోట్లే దొరికింది. ఒకటి డిస్ట్రిబ్యూటర్ లోపల ఉండే పికప్ కాయిల్, దాని తీగలు. రెండోది ఫెండర్ లోపలి గోడకు బిగించి ఉండే ఇగ్నిషన్ మాడ్యూల్. మూడో అనుమానం, పాత యజమానులలో ఎవరో వైరింగులో చేసిన సొంత మార్పు. వీటిలో ఏదన్నది తేల్చడానికి ఒక మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంపు, పదిహేను డాలర్లలో దొరికే ఒక స్పార్క్ టెస్టరు చాలు. అయితే పరీక్ష బండి ఆగిపోయి ఉన్న ఆ అరగంటలోనే జరగాలి. మీ బండికి ఇప్పటిదాకా జరిగిందంతా జ్వరం దిగాక థర్మామీటరు పెట్టిన వైద్యం. షెడ్డుకు చేరేసరికి బండి చల్లారి మామూలుగా నడుస్తుంది కనుక, వారు చూడగలిగింది ఆరోగ్యంగా ఉన్న బండినే.

నేను హ్యూస్టన్ పక్కన ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. ఉద్యోగం వేరే అయినా శని, ఆదివారాలు పాత కార్బురేటర్ బండ్ల కరెంటు పని చూస్తుంటాను. పని నేర్చింది మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ షెడ్డులో. అక్కడ డిస్ట్రిబ్యూటర్ అన్న మాట ఎవరి నోటా వినలేదు. ఏ కంపెనీదైనా అది ‘డెల్కో’యే. అంబాసిడర్ ఆగిందంటే మామయ్య డెల్కో మూత తీసి, పాయింట్ల (కరెంటును కలిపి తెంచే చిన్న బిళ్లల) మధ్య సన్న గరుకు కాగితం ఆడించి, ఫీలర్ గేజితో 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టి, అవసరమైతే పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ మార్చి పంపేవాడు. వేడికి ఆగి, చల్లారితే నడిచే బండికి అక్కడ మొదటి అనుమానం కండెన్సర్ మీదే ఉండేది. ఆ అలవాటుతోనే అమెరికాలో మొదటిసారి ఈ తరం ఫోర్డ్ మూత తీసి, లోపల పాయింట్లూ లేవు, కండెన్సరూ లేదని చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను.

మీ బండిలో ఉన్నది డ్యూరాస్పార్క్ 2 అనే ఎలక్ట్రానిక్ పద్ధతి. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు మీద ఆరు పళ్ల చక్రం ఒకటి తిరుగుతుంటుంది. ఒక్కొక్క పన్ను పికప్ కాయిల్ ముందు నుంచి పోయినప్పుడల్లా ఆ కాయిల్‌లో చిన్న కరెంటు అల పుట్టి, నారింజ, ఊదా రంగు తీగల గుండా మాడ్యూలుకు చేరుతుంది. ఆ సంకేతం అందగానే మాడ్యూలు ఇగ్నిషన్ కాయిల్‌లోని ప్రైమరీ అనే మొదటి చుట్టలో పారుతున్న కరెంటును తెంచుతుంది. తెంచిన ఆ క్షణంలో సెకండరీ అనే రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి, రోటర్, క్యాప్ మీదుగా ప్లగ్గుకు చేరతాయి. ఇప్పుడు మీరు మార్పించిన జాబితా చూడండి: కాయిల్ నుంచి ప్లగ్గు దాకా ఉన్న రెండో సగం మొత్తం కొత్తదే. మొదటి సగాన్ని, అంటే పికప్ కాయిల్, మాడ్యూల్, వాటికి కరెంటు తెచ్చే తీగలను ఎవరూ ముట్టుకోలేదు. ఒక ప్లగ్గు తీగ పాడైతే ఒక సిలిండర్ మిస్ అవుతుంది గాని ఇంజిన్ ఒక్క దెబ్బకు ఆగదు. ఆరూ ఒకేసారి చచ్చాయంటే ఆరింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చచ్చిందన్నమాట.

అసలు ఇది ఇగ్నిషన్ దోషమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈసారి బండి ఆగగానే ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో ఒకసారి పూర్తిగా తిప్పండి. సన్నని పెట్రోలు ధార చిమ్మితే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఉన్నట్టే. ధార రాకపోతే దారి మారుతుంది. టెక్సాస్ ఎండలో, పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో, ఇంజిన్ వేడికి గొట్టాల్లోనే ఆవిరి పట్టడం ఈ బండ్లకు కొత్త కాదు. దానికంటే చిలిపి దోషం ఒకటుంది: ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుపోతే, పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేక, సరిగ్గా ఇరవై, ముప్పై నిమిషాలకు బండి ఆగుతుంది; కాసేపు నిలబెడితే గాలి నెమ్మదిగా చొరబడి మళ్లీ నడుస్తుంది. మూత వదులు చేసినప్పుడు గట్టిగా గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే అదే దొంగ. అయితే పెట్రోలు అందకపోతే బండి సాధారణంగా కుదుపులిచ్చి, నీరసించి ఆగుతుంది. మీరు రాసినట్టు తాళం తిప్పినంత సూటిగా ఆగిందంటే నా మొగ్గు కరెంటు వైపే.

పెట్రోలు ధార కనిపించిన తర్వాత ఎయిర్ క్లీనర్ మూత మళ్లీ పెట్టేయండి. తెరిచి ఉన్న కార్బురేటర్ పక్కన నిప్పురవ్వలు పుట్టించడం ఎవరికీ మంచిది కాదు. కాయిల్ నుంచి క్యాప్ నడిమికి వచ్చే తీగను ఊడదీసి స్పార్క్ టెస్టరుకు తగిలించి, టెస్టరు క్లిప్పును ఇంజిన్ లోహానికి పట్టించి, మరొకరిని స్టార్టర్ తిప్పమనండి. తీగను చేత్తో పట్టుకుని చూసే మన పాత అలవాటు ఇక్కడ వద్దు. పాయింట్ల బండిలో అది జిల్లుమనిపించి వదిలేది, ఇది చేయి విసిరికొట్టేంత బలంగా తగులుతుంది. తీగను గాల్లో వదిలేసి తిప్పడం కూడా కాయిల్‌కూ మాడ్యూలుకూ హాని.

టెస్టరులో రవ్వ లేకపోతే టెస్ట్ ల్యాంపు క్లిప్పును ఎర్తుకు పట్టించి, మొనను కాయిల్ మైనస్ టెర్మినల్ మీద పెట్టి మళ్లీ తిప్పించండి. ల్యాంపు టపటపా మిణుకుతుంటే పికప్ కాయిల్, మాడ్యూల్ రెండూ పనిచేస్తున్నాయి, తప్పు కాయిల్‌ది. కొత్త కాయిల్ అయినా సరే, దాన్నే అనుమానించాలి. ప్రైమరీ 0.8 నుంచి 1.6 ఓములు, సెకండరీ 7,700 నుంచి 10,500 ఓముల మధ్య ఉండాలి. ల్యాంపు మిణుకకుండా నిలకడగా వెలిగినా, అసలు వెలగకపోయినా, దోషం చాలావరకు మొదటి సగంలోనే ఉంది.

ఇక పికప్ కాయిల్. (పికప్ బండిలో పికప్ కాయిల్ కనుక షాపులో అడిగేటప్పుడు పేరు విడమరచి చెప్పండి, ఒకసారి నాకు బండి వెనుక తలుపు గొళ్లెం తెచ్చి ఇచ్చారు.) మాడ్యూల్ దగ్గర నాలుగు తీగల కనెక్టరును విప్పి, డిస్ట్రిబ్యూటర్ వైపు వెళ్లే నారింజ, ఊదా తీగల మధ్య ఓములు కొలవండి. 400 నుంచి 1,000 ఓముల మధ్య రావాలి. ఆ రెంటిలో దేన్నీ ఎర్తుకు కొలిచినా మీటరు కదలకూడదు. ఆ తర్వాత మీటరును ఏసీ వోల్టులకు మార్చి స్టార్టర్ తిప్పిస్తే కనీసం అర వోల్టు ఆడుతూ కనిపించాలి.

ఒక్క కొలతతో ఆగవద్దు. నాలుగేళ్ల కిందట నా స్నేహితుడి బండి, మీదానికంటే ఏడాది పెద్దది, ఇదే రోగంతో వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 560 ఓములు, చక్కని అంకె. వేడి మీద కొలిచినా 600 పైన, అదీ పరవాలేదు. సరేనని వదిలేసి మాడ్యూల్ వైపు తిరగబోతూ, మీటరును అలాగే తగిలించి ఉంచి, వ్యాక్యూమ్ అడ్వాన్స్ డబ్బాకు (ఇంజిన్ పీల్చే బలంతో రవ్వ పడే సమయాన్ని ముందుకు జరిపేది) వెళ్లే రబ్బరు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని గాలి లాగాను. లోపల పికప్ కాయిల్ కూర్చున్న పళ్లెం టక్కున పక్కకు తిరిగింది, అదే క్షణంలో మీటరు మీద అంకె మాయమైంది. గాలి వదిలాను, 600 తిరిగి వచ్చింది. మళ్లీ లాగాను, మళ్లీ పోయింది. క్యాప్, రోటర్ తీసి చూస్తే పికప్ కాయిల్ నుంచి బయటికి వచ్చే తీగల పైతొడుగు నాలుగు దశాబ్దాల నూనె ఆవిరికి, వేడికి ఎండి, వేలితో తాకగానే పాత అప్పడంలా పెళపెళ రాలిపోయింది. లోపలి రాగి పోగులలో రెండో మూడో మాత్రమే అంటుకుని ఉన్నాయి. ఆ తీగలు పళ్లెంతో పాటు ఎప్పుడూ అటూ ఇటూ వంగుతుంటాయి, అందుకే అక్కడే తెగుతాయి. కాబట్టి కొలిచేటప్పుడు గొట్టంలో గాలి లాగండి, తీగలు డిస్ట్రిబ్యూటర్‌లోకి దూరే రబ్బరు దగ్గర మెల్లగా కదిలించండి, చల్లారిపోతే హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి మరోసారి కొలవండి. ఆ గొట్టం లాగుతున్నప్పుడు శూన్యం నిలవకుండా గాలి కారిపోతుంటే లోపలి పొర చిరిగిందని కూడా తెలిసిపోతుంది. అది బండి ఆగడానికి కారణం కాదు గాని మైలేజీ పోవడానికి కారణం.

అదే కనెక్టరులో నల్ల తీగ ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మాడ్యూలుకు ఎర్తు ఆ తీగ గుండా, డిస్ట్రిబ్యూటర్ లోపలి బిగింపు మీదుగానే అందుతుంది. ఆ బిగింపు వదులైనా తుప్పు పట్టినా మాడ్యూల్ పోయినట్టే ప్రవర్తిస్తుంది. నల్ల తీగ నుంచి బ్యాటరీ మైనస్‌కు దాదాపు సున్నా ఓములు రావాలి.

పికప్ కాయిల్ అన్ని పరీక్షల్లోనూ నెగ్గితే మాడ్యూల్ వంతు. దాన్ని ఇంటి దగ్గర పూర్తిగా కొలిచే మార్గం లేదు, కాని తడిగుడ్డ పరీక్ష మోసం చేయదు: బండి ఆగిపోయినప్పుడు మంచునీటిలో పిండిన గుడ్డను మాడ్యూల్ డబ్బా మీద, నీరు కనెక్టర్లలోకి కారకుండా, మూడు నిమిషాలు పరచండి. మామూలుగా అరగంట పట్టే బండి అయిదు నిమిషాల్లో స్టార్ట్ అయితే దోషి దొరికినట్టే. కొనేముందు ఆ రెండు కనెక్టర్లనూ విప్పి, పిన్నుల మీది పచ్చ తుప్పును శుభ్రం చేసి, తేమ చేరకుండా కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి తిరిగి బిగించి చూడండి. రెండుసార్లు నాకు అంతటితోనే పని అయిపోయింది.

కొత్త మాడ్యూల్ కొంటే పాతదాన్ని పారేయవద్దు. ఒకసారి పెట్టెలోంచి తీసిన కొత్త మాడ్యూల్ పెట్టి, బండి అసలే స్టార్ట్ కాకపోయేసరికి, ‘కొత్తది కదా, ఇది పోయి ఉండదు’ అన్న నమ్మకంతో ఒక ఆదివారమంతా వైరింగు వెతికాను. పాతది తిరిగి తగిలిస్తే వెంటనే అందుకుంది. కొత్త భాగం అంటే పనిచేసే భాగం అని ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు. వీలైతే పాత బండ్ల తుక్కు యార్డులో, తీగల దగ్గర నీలిరంగు రబ్బరు ఉన్న అసలు ఫోర్డ్ మాడ్యూల్ వెతకండి. అదే డ్యూరాస్పార్క్ 2కు గుర్తు.

ఇప్పుడు నేను మూడో అనుమానం అన్న విషయం, నా లెక్కలో మీ విషయంలో ఇది తప్పక చూడవలసినది. తాళంచెవి నుంచి కాయిల్ ప్లస్‌కు వచ్చే కరెంటు మామూలు తీగలో రాదు. డ్యాష్‌బోర్డు వెనుక వైరింగు కట్టలో కలిసిపోయి ఉండే ఒక రెసిస్టర్ తీగ గుండా వస్తుంది. దాని నిరోధం 1.1 ఓము. స్టార్టర్ తిరిగేటప్పుడు మాత్రం రిలే నుంచి వేరే తీగ పూర్తి బ్యాటరీ వోల్టేజి ఇస్తుంది, తాళంచెవి వదలగానే రెసిస్టర్ తీగ మీదికి మారుతుంది. ఈ రెసిస్టర్ పెట్టెలా బయటికి కనపడదు కనుక, ‘కాయిల్‌కు పన్నెండు వోల్టులు రావడం లేదు’ అని ఎవరో మంచి మనసుతో బ్యాటరీ నుంచి నేరుగా ఒక ఎర్ర తీగ లాగి ఉంటారు. బండి ఆ రోజు హుషారుగానే నడుస్తుంది. తర్వాత కాయిల్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, మాడ్యూల్ మీద ఉండవలసినదానికి మించి కరెంటు పారుతుంది, రెండూ ఎండాకాలంలో చేతులెత్తేస్తాయి. నా దగ్గరికి వచ్చిన ఒక బండిలో ఏడాదిలో మూడు మాడ్యూళ్లు మార్చారు. మూడింటినీ చంపింది ఆ ఎర్ర తీగే.

దీన్ని చూడటం తేలిక. తాళంచెవి రన్‌లో పెట్టి, కాయిల్ మైనస్‌ను జంపర్ తీగతో కొద్ది సెకన్లు మాత్రం ఎర్తుకు తాకించి, ఆ సమయంలో ప్లస్ దగ్గర వోల్టేజి కొలవండి. సుమారు 5 నుంచి 8 వోల్టులు కనిపించాలి. పన్నెండు కనిపిస్తే రెసిస్టర్‌ను ఎవరో తప్పించారు. ఏమీ లేకపోతే రెసిస్టర్ తీగ గాని ఇగ్నిషన్ స్విచ్ గాని తెగింది. తెగినప్పుడు లక్షణం వేరుగా ఉంటుంది: స్టార్టర్ తిప్పుతున్నంతసేపూ ఇంజిన్ అందుకుని, తాళంచెవి వదిలిన మరుక్షణం చచ్చిపోతుంది.

డిస్ట్రిబ్యూటర్ మొత్తం ఎప్పుడు మార్చాలన్నది మీ అసలు ప్రశ్న. రోటర్ తీసి షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. తెలిసేంత ఆట ఉంటే లోపలి బుష్షులు అరిగాయి; పళ్ల చక్రం పికప్‌కు రాసుకున్న మెరుపు గీతలు కూడా కనిపించవచ్చు. అప్పుడు మార్చడమే న్యాయం. షాఫ్టు బిగుతుగా ఉండి పికప్ కాయిల్ ఒక్కటే పోతే దాన్ని విడిగా మార్చవచ్చు. పళ్ల చక్రాన్ని పైకి లాగే పుల్లరు కావాలి, అడుగునుంచి స్క్రూ డ్రైవరుతో పొడిచి ఎత్తితే పళ్లు వంగిపోతాయి.

మార్చవలసే వస్తే ఒక జాగ్రత్త. ఈ ఇంజిన్‌లో ఆయిల్ పంపును తిప్పేది కూడా డిస్ట్రిబ్యూటర్ షాఫ్టే, ఆరు మూలల సన్న కడ్డీ ఒకటి రెండింటినీ కలుపుతుంది. కొత్తది దించినప్పుడు కాస్త పైనే ఆగిపోయిందంటే ఆ కడ్డీ కుదరలేదన్నమాట. బోల్టు బిగించి బలవంతంగా దించకూడదు, ఇంజిన్‌ను కొంచెం తిప్పుతూ పోతే తనంతట తానే జారి కూర్చుంటుంది. తీసేముందు రోటర్ ఎటు చూస్తోందో బాడీ మీద గీత పెట్టుకోండి. ఆ గీత పెట్టకుండా మొదటిసారి నేను చేసిన ఘనకార్యం, ఒకటో సిలిండర్ పిస్టన్ పైకి రాగానే డిస్ట్రిబ్యూటర్ దించేయడం. పిస్టన్ పైకి వచ్చేది రెండుసార్లు. నేను దించింది ఎగ్జాస్ట్ స్ట్రోకులో. తిప్పగానే కార్బురేటర్ గొంతులోంచి మంట ఎగిసి నా కనుబొమలు కాలాయి. ఒకటో ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెడితే, కంప్రెషన్ వచ్చే స్ట్రోకులో వేలిని బయటికి తోస్తుంది, అదే సరైనది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకు రవ్వ అందే వరుస) 1-5-3-6-2-4, రోటర్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది.

తర్వాత రవ్వ పడే సమయాన్ని టైమింగ్ లైటుతో చూస్తూ, వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసి, హుడ్ కింద స్టిక్కరు మీద మీ బండికి రాసి ఉన్న డిగ్రీలకే పెట్టండి. అంత వయసు బండిలో క్రాంక్ పుల్లీ బయటి వలయం రబ్బరు మీద జారిపోయి గుర్తు అబద్ధం చెప్పడం కద్దు. ఒకటో పిస్టన్ పూర్తిగా పైన ఉన్నప్పుడు గుర్తు సున్నా దగ్గర లేకపోతే ఆ గుర్తును నమ్మకండి. కొత్త క్యాప్ విషయానికి వస్తే, దాన్ని ఒకసారి తీసి లోపలి వైపు వెలుతురులో చూడండి: చెట్టు వేళ్లలా సన్నని నల్ల గీతలు కనిపిస్తే రవ్వ దారి తప్పి పారుతోంది. అది వేడి రోగం కాదు, వానరోజు రోగం, కనుక మీ విషయంలో దాని మీద ఎక్కువ కాలం పెట్టను.

ఈ వారాంతంలో మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, స్పార్క్ టెస్టరు, ఒక తడిగుడ్డ సీటు మీద పెట్టుకుని, ఇంటి చుట్టుపక్కల వీధుల్లోనే బండి ఆగేదాకా తిప్పండి, హైవే ఎక్కవద్దు. ఆగాక నాలుగు విషయాలు రాయండి: కార్బురేటర్‌లో ధార వచ్చిందా, కాయిల్ మైనస్ మీద ల్యాంపు మిణుకిందా, నారింజ, ఊదా తీగల మధ్య ఓములు గాలి లాగకముందు, లాగాక ఎంత, కాయిల్ ప్లస్ దగ్గర వోల్టులు ఎంత. ఆ అంకెలు చూశాక ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో చెబుతాను.